తిమింగలం వంశవృక్షం మళ్లీ మళ్లీ మారితే నమ్మేదెలా?

భాస్కర్, నెల్లూరు:
పళ్ల పోలిక చూసి, గిట్టలున్న మెసోనికిడ్లు అనే మాంసాహార జంతువుల నుంచి తిమింగలాలు వచ్చాయని 1960ల నుంచీ చెప్పారు. 1990ల్లో డీఎన్‌ఏ పరీక్షలు మొదలయ్యాక అది కాదు, నీటిగుర్రమే దగ్గరి చుట్టం అన్నారు. కొమ్మలే కుదురుగా లేనప్పుడు ఉమ్మడి పూర్వీకుల మాట అంత గట్టిగా ఎలా చెబుతారు?

సుధారాణి:
భాస్కర్ గారూ, ఏ కొమ్మ ఎక్కడన్నది ఒక తగువు, అసలు చుట్టరికం ఉందా అన్నది ఇంకో తగువు. మీరు మొదటిది చూపించి రెండోదాన్ని కొట్టేస్తున్నారు.

డీఎన్‌ఏలో సైన్‌లనే చిన్న ముక్కలు తమ నకళ్లను ఎక్కడ పడితే అక్కడ దూరుస్తాయి. ఒకసారి దూరిన నకలు మళ్లీ ఊడిరావడం చాలా అరుదు. జపాన్‌లో నొరిహిరో ఒకాడా బృందం 1999లో చూపించింది ఇదే: అలాంటి ముక్కలు కొన్ని తిమింగలాల్లోనూ నీటిగుర్రాల్లోనూ సరిగ్గా ఒకే చోట ఉన్నాయి. ఆవులో, పందిలో ఆ చోట్లు ఖాళీ. వందల కోట్ల అక్షరాల మధ్య అన్నిసార్లూ కాకతాళీయంగా అదే చోట పడ్డాయంటే నేను ఒప్పుకోను.

ఎముకలవాళ్లు వెంటనే సరేననలేదు. 2001లో పాకిస్తాన్‌లో దొరికిన తొలితరం తిమింగలాల చీలమండ ఎముకలు వెలుగులోకి వచ్చాయి. రెండు కొసలా కప్పీ గాడి ఉంది, అచ్చం మేక కాలిలో ఉన్నట్టే! మేక, ఆవు, పంది, నీటిగుర్రం ఉన్న సరిసంఖ్య గిట్టల గుంపుకు అదే గుర్తు. మెసోనికిడ్లకు అలా ఉండదు.

కిరణ్:
మన దేశం ముక్క కూడా చేర్చండి మేడమ్. జమ్మూలోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త సేకరించిన రాళ్లలోనే ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువు శిలాజం ఉంది, దాదాపు 4.8 కోట్ల ఏళ్ల నాటిది. ఆయన పోయాక ఆ రాళ్లు తిమింగలాల శిలాజాలను పరిశోధించే హాన్స్ థెవిసెన్‌కు చేరాయి. చెవి ఎముక లోపలి అంచు మందంగా ఉంది. తిమింగలాలకే ఉంటుందనుకున్న గుర్తు అది! 2007లో ప్రచురించారు.

భాస్కర్, నెల్లూరు:
చీలమండ సంగతి బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ తిమింగలం శిలాజాలు 5 కోట్ల ఏళ్లనాటివి, నీటిగుర్రానివి చాలా తర్వాతివి. మధ్యలో దాని పూర్వీకులు ఏమైపోయారు?

సుధారాణి:
సరైన ప్రశ్న అడిగారు. ఆ ఖాళీ కొంత పూడింది. కెన్యాలో దొరికిన ఎపిరిజెనిస్ అనే జంతువు శిలాజం గురించి 2015లో రాశారు, వయసు 2.8 కోట్ల ఏళ్లు. దాని పళ్లు నీటిగుర్రాలను ఆంత్రకోథీర్లనే పాత గుంపుతో కలుపుతున్నాయి. అంతకు ముందటి రెండు కోట్ల ఏళ్ల లంకె మీదే ఇంకా వాదన నడుస్తోంది.