అంబాసిడర్‌కి ఆల్టర్నేటర్ వేశాక చాబీ తీసినా ఇంజన్ ఆగడం లేదు

మిర్యాలగూడ మార్క్3:

అన్నలూ, జర సాయం కావాలి. మా నాయన వాడిన 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 ఉంది, పెట్రోల్, 1489 సీసీ ఇంజన్. ఎనిమిదేళ్లు రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డులో ఉండిపోయింది, ఎలుకలు వైరింగ్ మొత్తం కొరికి పెట్టాయి. అంతా పీకేసి కొత్త వైరింగ్ నేనే చేసుకున్నాను కాబట్టి పాత డయాగ్రమ్, పాత వైర్ల రంగులు ఏవీ దీనికి సరిపోవు. హెడ్‌లైట్లకు రెండు రిలేలు, హారన్‌కు ఒకటి, రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్, డాష్‌లో 30-0-30 ఆమ్మీటర్ (బ్యాటరీకి వచ్చే, పోయే కరెంట్‌ను 30 ఆంపియర్ల దాకా చూపేది) పెట్టాను. ఆమ్మీటర్ ఉంది కదా అని చార్జింగ్ బల్బు మాత్రం పెట్టలేదు, ఆ రంధ్రం ఖాళీగానే ఉంది.

ఇంజన్‌తో తిరిగి కరెంట్ పుట్టించే పాత డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లే. రాత్రిపూట లైట్లు, ఫ్యాన్ కలిసి ఆడితే అది చాలడం లేదు. అందుకే పాత సామాను దుకాణంలో, దాని బదులు ఎక్కువ కరెంట్ ఇచ్చే లూకాస్ టీవీఎస్ ఆల్టర్నేటర్ కొని బిగించాను. వెనక రెండు లావు పిన్నులు, ఒక సన్న పిన్ను ఉన్నాయి. ఊళ్లో ఒక ఎలక్ట్రీషియన్‌తో వైర్లు కలిపించాను, లావుది బ్యాటరీ వైపు, సన్నది నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కి.

చార్జింగ్ మంచిగా వచ్చింది, మీటర్ పెడితే 14.2 వోల్టులు. కానీ చాబీ తీసి జేబులో వేసుకున్నా ఇంజన్ ఆడుతూనే ఉంది! మొన్న సాగర్ నుంచి వస్తూ హాలియాలో చాయ్‌కి ఆపితే, హోటల్ ముందు నాలుగో గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలి ఆపాల్సి వచ్చింది. ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్. రాగానే ఆ సన్న వైరు పీకేశాను. ఇప్పుడు చాబీ తీస్తే ఆగుతుంది, కానీ స్టార్ట్ చేసిన తర్వాత చార్జింగ్ లేదు, 12.3 దగ్గరే ఉంటుంది. ఒక్కసారి ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే టక్కున 14కి ఎక్కుతుంది, ఆ తర్వాత బండి ఆపేదాకా బాగానే ఉంటుంది. ఆల్టర్నేటర్ పోయిందని ఒకరు, ఇగ్నిషన్ స్విచ్ మార్చమని ఇంకొకరు అంటున్నారు. ఏది నమ్మాలి?

జడ్చర్ల వైండింగ్:

తమ్ముడూ, ఆల్టర్నేటర్ మంచిదే, స్విచ్ మంచిదే. రెండింటికీ పైసలు పెట్టకు. నువ్వు చెప్పిన రెండు జబ్బులకూ కారణం ఆ ఖాళీ రంధ్రమే. అక్కడ ఉండాల్సిన చార్జింగ్ బల్బు సర్క్యూట్‌లో ఒక భాగం, డ్రైవర్‌కు కనిపించడానికి మాత్రమే పెట్టింది కాదు.

డైనమో లోపలి ఇనుములో కొంచెం అయస్కాంతం ఎప్పుడూ మిగిలి ఉంటుంది, అందుకే తిరగగానే తనంతట తానే కరెంట్ మొదలుపెడుతుంది. ఆల్టర్నేటర్ రోటర్‌లో, అంటే లోపల తిరిగే చుట్టలో, మిగిలేది చాలా తక్కువ. బయట నుంచి కొంచెం కరెంట్ అందితేనే అది లేస్తుంది, లేకపోతే నువ్వు చేసినట్టు గట్టిగా తిప్పి లేపాలి. చాబీ ఆన్ చేయగానే స్విచ్ నుంచి బల్బు గుండా, సన్న పిన్ను గుండా, కార్బన్ల మీదుగా రోటర్‌కి సుమారు 0.2 ఆంపియర్ వెళ్తుంది. బల్బు వెలిగేది అందుకే. ఇంజన్ తిరిగి చార్జింగ్ మొదలయ్యాక లోపల ఉన్న మూడు చిన్న డయోడ్లు (కరెంట్‌ను ఒక వైపుకే పోనిచ్చేవి) అదే సన్న పిన్ను మీదికి 14 వోల్టులు తెస్తాయి. అప్పుడు బల్బుకి రెండు వైపులా ఒకే వోల్టేజ్, కాబట్టి ఆరిపోతుంది.

నీ బండిలో బల్బు లేకుండా స్విచ్‌కి నేరుగా కలిపారు కాబట్టి, చాబీ తీసినా ఆ 14 వోల్టులు సన్న వైరు గుండా వెనక్కి నడిచి ఇగ్నిషన్ కాయిల్‌కి చేరుతున్నాయి. ఇంజన్ తిరుగుతుంటే ఆల్టర్నేటర్ కరెంట్ ఇస్తుంది, ఆ కరెంట్‌తో ఇంజన్ తిరుగుతుంది, ఇక ఎక్కడ ఆగుతుంది? మధ్యలో బల్బు ఉంటే 0.2 కంటే ఎక్కువ దాటదు. కాయిల్‌కి మూడు, నాలుగు ఆంపియర్లు కావాలి, ఆ కొంచెంతో ప్లగ్‌లో మంట రాదు.

12 వోల్టులు, 2 వాట్ల మామూలు బల్బు హోల్డర్‌తో సహా పెట్టు. ఒక కొస ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే ఫ్యూజుకి, ఇంకో కొస సన్న పిన్నుకి. అయితే ముందు బ్యాటరీ నెగటివ్ బాడీకి ఉందో లేదో చూసుకో. పాత బళ్లు కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అందులో ఈ ఆల్టర్నేటర్ పెట్టి బ్యాటరీ కలిపిన క్షణమే డయోడ్లు కాలిపోతాయి.

దేవరకొండ డ్రైవర్:

బల్బు ఎందుకన్నా, సన్న వైరులో ఒక డయోడ్ వేస్తే వెనక్కి రాదు కదా? రెండు రూపాయల పని. నేను ట్రాక్టర్‌కి అట్లనే వేద్దామనుకుంటున్నాను.

జడ్చర్ల వైండింగ్:

వెనక్కి రాదు, నిజమే, కానీ ముందుకు పోయేదాని సంగతి చూడు. బల్బు లేకుండా డయోడ్ ఒక్కటే ఉంటే, చాబీ ఆన్‌లో ఉండి ఇంజన్ ఆడనప్పుడు రోటర్‌కి రెండు, మూడు ఆంపియర్లు పూర్తిగా పోతూనే ఉంటాయి. పాట వింటూ అరగంట చాబీ ఆన్‌లో పెట్టి కూర్చుంటే రోటర్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది. పైగా దుకాణంలో రెండు రూపాయలకు దొరికేది ఒక్క ఆంపియర్ డయోడ్, అదే ముందు పోతుంది. బల్బుతో పాటు డయోడ్ కూడా వేస్తే తప్పు లేదు.

తమ్ముడు రంధ్రంలో ఎల్‌ఈడీ పెట్టాలనుకుంటే మాత్రం దాని పక్కనే 68 ఓమ్స్, 5 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ ప్యారలల్‌గా కలపాలి. ఎల్‌ఈడీ ఒక్కదాని కరెంట్ రోటర్‌ను లేపడానికి చాలదు. ఆ రెసిస్టర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, వైర్ల కట్టలో చుట్టొద్దు.

పద్మిని సూర్యాపేట:

బల్బు గురించి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను లావు వైరు గురించి అడుగుతాను. బాబూ, బ్యాటరీకి పోయే ఆ వైరు డైనమో కాలం నాటి సైజేనా? అది ఆమ్మీటర్ గుండా పోతోందా? అలా అయితే మార్చండి. మా ప్రీమియర్ పద్మినిలో అలాగే వదిలేస్తే ఒక వర్షాకాలం రాత్రి డాష్ వెనక కాలిన వాసన వచ్చింది. ఆమ్మీటర్ వెనక నట్టు దగ్గర వైరు తొడుగు కరిగి, లోపలి రాగి నల్లబడి కనిపించింది. 30 వరకే ఉన్న ఆమ్మీటర్‌కి 40 దాటే కరెంట్ ఇవ్వకూడదు.

10 చదరపు మిల్లీమీటర్ల వైరు ఆల్టర్నేటర్ నుంచి నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కి తీసుకెళ్లి, బ్యాటరీ దగ్గర 60 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. డాష్‌లో ఆమ్మీటర్ బదులు వోల్ట్‌మీటర్ పెట్టుకోండి. తర్వాత లైట్లు, ఫ్యాన్ అన్నీ వేసి, ఇంజన్ కొంచెం రైజ్ చేసి, మీటర్ ఒక కొస ఆల్టర్నేటర్ లావు పిన్నుకి, ఇంకో కొస బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టి చూడండి. 0.3 కంటే ఎక్కువ చూపిస్తే వైరులోనో, లగ్గులోనో పోతోంది. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కూడా ఇలాగే చూడండి. ఇంజన్‌కి, బ్రాకెట్‌కి కొత్తగా పెయింట్ వేసి ఉంటే ఎర్త్ సరిగ్గా అందదు. బోల్టు కింద గీకి, ఇంజన్ నుంచి బాడీకి వేరే స్ట్రాప్ వేయండి.

పాత కటౌట్, అంటే డైనమో చార్జింగ్‌ను అదుపు చేసే డబ్బా, ఇంకా ఉందా? ఏ, ఏ1, ఎఫ్, డి, ఈ అని అయిదు పిన్నులు ఉన్న రకమైతే, తీసేటప్పుడు ఏ, ఏ1 వైర్లను కలిపి ఉంచాలి, లేకపోతే బండి మొత్తం చచ్చిపోతుంది. డి, ఎఫ్ వైర్లు ఇక అక్కర్లేదు, కొసలు టేపు చుట్టి వదిలేయండి.

ఇంకొకటి, చార్జింగ్ ఉందా లేదా చూడటానికి ఇంజన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు పీకే అలవాటు డైనమో మెకానిక్‌లకు ఉంటుంది. ఈ బండి మీద ఎవరినీ అలా చేయనివ్వకండి, ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పోతుంది.

మిర్యాలగూడ మార్క్3:

అందరికీ దండాలు. ఆదివారం మొత్తం దాని మీదే కూర్చున్నా. నెగటివ్ బాడీకే ఉంది. కటౌట్ ముందే తీసేశాను, అక్కా. బల్బు హోల్డర్ ఆ రంధ్రంలో సరిగ్గా కూర్చుంది. చాబీ ఆన్ చేస్తే ఎర్రగా వెలిగింది, సెల్ఫ్ కొట్టగానే ఆరింది, ఎక్సలేటర్ తొక్కనే లేదు, 14.1. చాబీ తీశాను, ఇంజన్ వెంటనే ఆగింది. నమ్మకం కుదరక పదిసార్లు వేసి తీశాను.

అక్క చెప్పిన టెస్ట్ పెడితే లావు వైరులో 1.1 వోల్టులు పోతున్నాయి! డైనమోకని నేను వేసిన చిన్న సైజు వైరే ఆమ్మీటర్ గుండా పోతోంది. 10 చదరపు మిల్లీమీటర్లది నేరుగా వేశాక 0.2కి దిగింది. ఎర్త్ వైపు 0.4 ఉంది. బ్రాకెట్ బోల్టు విప్పితే నేను వేసిన నల్ల పెయింటే వాషర్ కింద పొరలాగా ఉంది, గీకి స్ట్రాప్ వేస్తే 0.1. ఇప్పుడు లైట్లు, ఫ్యాన్ వేసినా బ్యాటరీ దగ్గర 13.9 ఉంటోంది. నాయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రాత్రి వేములపల్లి దాకా వెళ్లొచ్చాను. హెడ్‌లైట్లు ఇంత తెల్లగా ఈ బండిలో ఎప్పుడూ చూడలేదన్నారు.

జడ్చర్ల వైండింగ్:

సంతోషం తమ్ముడూ. అదే బల్బు ఇంకొకటి గ్లవ్ బాక్స్‌లో వేసి పెట్టు. చాబీ ఆన్ చేసినప్పుడు ఎర్రగా వెలగకపోతే ముందు బల్బు మార్చి చూడు, ఆ తర్వాతే ఆల్టర్నేటర్ విప్పు.