అకౌస్టిక్ బేస్ కొనాలా, మామూలు బేస్‌కి చిన్న యాంప్ పెట్టుకుంటే చాలదా?

వేలచేరి నుంచి:
మా అపార్ట్‌మెంట్‌లో శనివారం సాయంత్రాలు కూర్చుని పాత తెలుగు పాటలు పాడుకుంటాం. రెండు అకౌస్టిక్ గిటార్లు, ఒక కహోన్ (మీద కూర్చుని అరచేతులతో వాయించే చెక్క పెట్టె). కింది స్వరాలు పలికే బేస్ లేక పాట పలచగా ఉంటోంది. శబ్దాన్ని పెంచే యాంప్ మోయక్కర్లేదు కదా అని అకౌస్టిక్ బేస్ గిటార్ తీసుకుందామనుకుంటున్నాను. అన్నాసాలైలో ఒక షాపాయన పూర్తిగా సాలిడ్ చెక్కతో చేసిందే కొనమన్నాడు, పలచని చెక్క పొరలు అతికించి చేసే లామినేట్ దండగన్నాడు. నిజమేనా అండీ?

పెరంబూరు నుంచి:
చెక్క సంగతి తర్వాత చూద్దాం బ్రదర్. ముందు యాంప్ అక్కర్లేదన్న మాట దగ్గర ఆగండి. మా తెలుగు చర్చిలో బేస్ వాయించేది నేనే, ఈ ఆశతో కొన్నవాళ్లను చాలామందిని చూశాను.

గిటార్ మీద అన్నిటికంటే మందమైన తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. బేస్ మీద 41 సార్లే. అంత కింది స్వరం గదంతా వినిపించాలంటే బోలెడు గాలి కదలాలి, అందుకు పెద్ద పెట్టె కావాలి. నిలబెట్టి వాయించే డబుల్ బేస్ మనిషెత్తు ఉండేది అందుకే. 1972లో ఎర్నీ బాల్ కంపెనీ ఎర్త్‌వుడ్ అనే అకౌస్టిక్ బేస్ తెచ్చినప్పుడు మెక్సికో వాళ్ల పెద్ద బేస్ వాయిద్యం గిటరాన్‌ని చూసి పెట్టెను బాగా లోతుగా చేసింది. ఇప్పుడు షాపుల్లో దొరికేవి చాలావరకు జంబో గిటార్ సైజులోనే ఉంటాయి. షాపులో ఒక్కదాన్నే వాయిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఇద్దరు పిక్‌తో స్ట్రమ్మింగ్ మొదలుపెట్టి, పక్కన కహోన్ మీద అరచెయ్యి పడిందంటే మీ బేస్ మీకే వినిపించదు. ఎలాగూ వైరుతో యాంప్‌కి కలపక తప్పదు కాబట్టి మామూలు ఎలక్ట్రిక్ బేస్, దానికో చిన్న యాంప్ కొనుక్కోండి.

ఆదంబాక్కం నుంచి:
పెరంబూరు అన్న చెప్పిన లెక్క సరైందే, ముగింపుతోనే నాకు పేచీ. వైరు పెట్టినా సరే, అకౌస్టిక్ బేస్‌లో వేలు తీగను వదిలిన చప్పుడు, చెక్క గుల్లదనం కూడా వినిపిస్తాయి. రెండు అకౌస్టిక్ గిటార్ల మధ్య ఆ నాదం అతికినట్టు ఉంటుంది. పైగా రాత్రి పదింటికి ఏ వైరూ లేకుండా సాధన చేసుకోవచ్చు. యాంప్ ఆన్ చెయ్యాలంటే బద్ధకించే రోజుల్లో కూడా చేతిలోకి తీసుకుంటాం. నా దృష్టిలో అదే పెద్ద లాభం.

అందుకే కొనండి, కానీ యాంప్‌తో వాయించేదిగా చూసుకుని కొనండి. షాపులో చెక్క పేరు అడిగే ముందు జాక్ పెట్టించి యాంప్‌కి కలపమనండి. నాలుగు తీగలూ ఒకే మోతాదులో పలుకుతున్నాయా? సన్న తీగ అరుస్తుంటే, మందపు తీగ గొణుగుతుంటే తీగల కంపనాన్ని పట్టి యాంప్‌కి పంపే పికప్ సరిగ్గా కూర్చోలేదని అనుమానించాలి. తర్వాత ప్రతి తీగ మీదా ఒక్కో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కుతూ పన్నెండో ఫ్రెట్ దాకా వెళ్లండి. ఎక్కడైనా గరగర వస్తే తెలిసిపోతుంది. పైపలక మీద తీగలు బిగించే బ్రిడ్జి వెనక అంచు కింద ఒక సన్న కాగితం దూర్చి చూడండి. అది లోపలికి పోయిందంటే జిగురు వదులుతోందని అర్థం, ఆ పీసు వద్దు.

షాపాయన మాట మన ఊరికి సగమే పనికొస్తుంది. సాలిడ్ చెక్కకు నాదం బాగుంటుంది, కాదనను. కానీ మద్రాసు తేమకు అది ఉబ్బుతుంది, పైపలక పొంగుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేచి నొక్కలేక వేళ్లు నొప్పెడతాయి. రాత్రంతా ఏసీ గదిలో, పగలు బాల్కనీ పక్కన ఉంచితే మరీ కష్టం. కేసులో సిలికా జెల్ పెట్టి కాపాడుకునే ఓపిక లేకపోతే లామినేట్ దండగేమీ కాదు. మిగిలిన డబ్బు సెటప్‌కి (తీగల ఎత్తు, మెడ సరిచేయించడానికి), మంచి తీగలకు పెట్టండి. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల మీద వేలు జారిస్తే కీచుమంటాయి. నల్ల నైలాన్ చుట్టిన టేప్‌వూండ్ తీగలు మెత్తగా, గుండ్రంగా పలుకుతాయి. పాత పాటలకు అవే బాగుంటాయి.

వేలచేరి నుంచి:
నేను గిటార్ నుంచి వస్తున్నాను. 34 అంగుళాల స్కేల్, అంటే అంత పొడవు తీగ, వేళ్లకు అందుతుందా?

ఆదంబాక్కం నుంచి:
మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర చెయ్యి బాగా సాగదీయాలి. 30, 32 అంగుళాల వాటిని కూడా పట్టుకుని చూడండి, కాకపోతే మందపు తీగ కాస్త వదులుగా అనిపిస్తుంది.

పెరంబూరు నుంచి:
కొనేటప్పుడు మీ గిటార్ ఆయన్ని, కహోన్ ఆయన్ని కూడా షాపుకి తీసుకెళ్లండి బ్రదర్. ముగ్గురూ కలిసి ఒక పాట వాయించండి, ముందు వైరు లేకుండా, తర్వాత వైరు పెట్టి. అప్పటికీ అకౌస్టిక్ బేసే కావాలనిపిస్తే నేనిక అడ్డు చెప్పను.