బ్యాటరీ గాలి పంపు కారుకు సరే, ట్రాక్టర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లె. పంక్చర్ షాపు కావాలంటే మండల కేంద్రానికి వెళ్లాలి. అందుకని చార్జింగ్‌తో నడిచే చిన్న గాలి పంపు కొన్నాను. పెట్టె మీద 150 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. కారుకు చక్కగా గాలి ఎక్కింది. ట్రాక్టర్ వెనక చక్రానికి పెడితే ఎంతసేపటికీ అంకె కదలలేదు, చివరికి వేడెక్కి ఆగిపోయింది. పంపు పాడైందంటారా? కారు టైరు మీద 51 పీఎస్ఐ అని అచ్చు వేసి ఉంది, అంత పెట్టాలా?

మొదటి సమాధానం:
పంపుకు ఏమీ కాలేదు తమ్ముడూ. 150 అనేది అది ఎంత ఒత్తిడి వరకు నెట్టగలదో చెప్పే అంకె. నిమిషానికి ఎంత గాలి ఇస్తుందన్నది వేరే సంగతి, కొనేటప్పుడు చూడవలసింది అదే. ట్రాక్టర్ వెనక టైరుకు పొలంలో కావలసింది చాలావరకు 12 నుంచి 16 పీఎస్ఐ మాత్రమే, కానీ దాని కడుపు చాలా పెద్దది. ఈ పంపుతో దాన్ని నింపడం ఉద్ధరిణెతో గాబు నింపడమే. ముందు చక్రాలకు కాస్త తగ్గిన గాలి సరిచేసుకోవచ్చు. వెనక చక్రాలకు షాపు కంప్రెసరే దిక్కు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు పోయించారా? పోయించి ఉంటే వాల్వు కింద ఉన్నప్పుడు పంపు తగిలించవద్దు. నీళ్లు గొట్టంలోకి ఎగదన్ని మోటారును పాడుచేస్తాయి. చక్రం తిప్పి వాల్వును పైకి తెచ్చాకే గాలి చూడాలి.

కారుకు 51 పెట్టకండి. అది టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. మీ బండికి కావలసింది డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 35 మధ్య. పొద్దున్నే బండి కదలకముందు చూడండి. ఎండలో తిరిగి వచ్చాక నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపితే గాలి తీసేయవద్దు, చల్లారాక అదే తగ్గుతుంది. పంపు తెరమీద పీఎస్ఐ ఉందో బార్ ఉందో కూడా గమనించండి: 2.3 బార్ అంటే సుమారు 33 పీఎస్ఐ.

రెండో సమాధానం:
అన్నగారు చెప్పినదానికి నాదో మాట. గొట్టం చివరి ఇత్తడి మూతి బాగా కాలుతుంది, వెంటనే వట్టి చేత్తో విప్పకండి, గుడ్డతో పట్టుకోండి. ఒక టైరు అయ్యాక పంపును కాసేపు చల్లారనిచ్చి రెండోదానికి వెళ్లండి. గాలి పూర్తిగా పోయిన టైరు మీద బండి నడిపి ఉంటే మాత్రం ఇంట్లో గాలి కొట్టే ప్రయత్నమే వద్దు. పక్కగోడ లోపల నలిగి ఉంటుంది, గాలి ఎక్కుతుండగా పేలవచ్చు. ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము నుంచి ఊడినా ఈ పంపు దాన్ని మళ్లీ కూర్చోబెట్టలేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం అండీ. వెనక టైర్లలో నీళ్లున్నాయి, మంచి సమయానికి చెప్పారు. మా పిల్లవాడి సైకిలుకు ఈ మూతి పట్టడం లేదు, ఏం చేయాలి? పంపును కారులోనే ఉంచేయవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మన మామూలు సైకిళ్ల వాల్వు వేరు, కారు వాల్వులాంటిది కాదు. పంపుతో వచ్చిన చిన్న మూతుల్లో సరిపోయేది ఉందేమో చూడండి, లేకపోతే సైకిలు షాపులో అడాప్టర్ దొరుకుతుంది. ఆ వాల్వు మీద తెర చూపే అంకెను పూర్తిగా నమ్మకుండా, మధ్యమధ్యలో ఆపి టైరును వేలితో నొక్కి చూసుకోండి.

కారులో ఉంచడం మాత్రం వేసవిలో వద్దు తమ్ముడూ. ఎండలో మూసి ఉన్న బండిలో లిథియం బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది, ప్రమాదం కూడా. ఇంట్లో చల్లని చోట సగానికి పైగా చార్జింగ్‌తో పెట్టుకుని, ప్రయాణానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.