సీఆర్ఎమ్ ఉంది కానీ ఫోన్ నంబర్లు వెతుక్కోవడానికే పనికొస్తోంది, మీరెలా వాడుతున్నారు?

ప్రశ్న
నేను ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని, ఇంకో ఇద్దరితో కలిసి చిన్న ఆఫీసు నడుపుతున్నాను. క్లయింట్ల వివరాలన్నీ ఎక్సెల్ నుంచి సీఆర్ఎమ్‌లోకి (క్లయింట్ల వివరాలు, వాళ్లతో జరిగిన మాటలు, చేయాల్సిన పనులు ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్) ఎక్కించాం, పుట్టినరోజు మెసేజీలు దానంతటదే పంపుతోంది, అంతకు మించి ఏమీ లేదు. ఏ క్లయింట్ పెట్టుబడుల రివ్యూ ఎప్పుడు చేయాలన్నది ఇంకా ఎవరి డైరీలో వాళ్లకే ఉంది. వదిలేసే ఉద్దేశం లేదు, రోజువారీ పనిలో దీన్ని ఎలా కలుపుకోవాలో వాడుతున్నవాళ్లు చెప్పండి.

జవాబు 1
ముందు ఆ డైరీలు ఆపేయండి. రెండు చోట్ల రాసినంత కాలం ఏ చోటా పూర్తి వివరం ఉండదు.

మీటింగ్ అయిన వెంటనే నోట్ రాయాలి, మీరు సెలవులో ఉన్న రోజు ఆ క్లయింట్ ఫోన్ చేస్తే ఆఫీసులో ఇంకొకరు అది చదివి ధైర్యంగా మాట్లాడగలిగేలా ఉండాలి. "పెట్టుబడుల గురించి మాట్లాడాం, సరే అన్నారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "కూతురి చదువుకి మూడేళ్లలో డబ్బు కావాలి, అందుకే ఈక్విటీ తగ్గించమన్నాను, భర్తతో మాట్లాడి శుక్రవారం చెప్తానన్నారు" అని రాయండి, రాసిన చేత్తోనే ఆ శుక్రవారానికి టాస్క్ పెట్టి అది ఎవరి పనో పేరు కూడా పెట్టండి. నా మట్టుకు సీఆర్ఎమ్ అంటే సగం ఇదే. రేపు మార్కెట్ పడి క్లయింట్ "ఇలా ఎందుకు చేయించారు" అని అడిగినా, ఆడిట్ వాళ్లు అడిగినా, తేదీతో సహా ఉన్న ఆ నోటే మీకు ఆధారం.

జవాబు 2
పైన చెప్పింది నిజం. దానికి తోడు, భార్యాభర్తలు, పిల్లలు, పెద్దవాళ్లు అందరినీ ఒకే కుటుంబంగా లింక్ చేశారా? రెడ్‌టెయిల్, వెల్త్‌బాక్స్ లాంటివి అడ్వైజర్ల కోసమే చేసినవి కాబట్టి వాటిలో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది, అమ్మకాల కోసం చేసిన మామూలు సీఆర్ఎమ్ అయితే మీరే సెట్ చేసుకోవాల్సి రావచ్చు. అలాగే రిటైరయ్యే సంవత్సరం, నామినీ, రిస్క్ ప్రొఫైల్ (క్లయింట్ ఎంత రిస్క్ తట్టుకోగలరన్న అంచనా) చివరిసారి చూసిన తేదీ, వీటిని నోట్స్‌లో రాసేయకుండా విడివిడి ఫీల్డుల్లో పెట్టండి. నోట్స్‌లో ఉన్నదాన్ని లిస్టుగా తీయడం కష్టం. ఫీల్డులో ఉంటే "ఏడాదిగా రిస్క్ ప్రొఫైల్ చూడనివాళ్లు ఎవరు", "నామినీ ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరు" అని నిమిషంలో వచ్చేస్తుంది, ఆ వారం ఎవరికి ఫోన్ చేయాలో తేలిపోతుంది.

ఎక్సెల్ నుంచి తెచ్చారు కాబట్టి ఒకే మనిషికి రెండు రికార్డులు ఉండే అవకాశం ఎక్కువ, ముందు అవి కలిపేయండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండీ, నామినీ సంగతి అసలు తట్టలేదు. వర్క్‌ఫ్లోలు, అంటే ఒక పని అవగానే తర్వాతిది దానంతటదే టాస్క్‌గా వచ్చే ఏర్పాట్లు, ఇప్పుడే మొదలుపెట్టాలా, కొన్నాళ్లు ఆగాలా?

జవాబు 3
ఒక్కదానితో మొదలుపెట్టండి, కొత్త క్లయింట్ చేరే పనితో. కేవైసీ, రిస్క్ ప్రొఫైల్, ఒప్పందం మీద సంతకం, ఖాతా తెరవడం, నెల తర్వాత ఒక ఫోన్, ఎవరు చేరినా ఇవే కదా. ఒకటి పూర్తయితే తర్వాతిది ఎవరు చేయాలో వాళ్లకి టాస్క్‌గా వెళ్లేలా పెట్టండి. ముగ్గురూ టెన్షన్ లేకుండా దానికి అలవాటు పడ్డాకే రివ్యూలకి ఇంకోటి. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే పొద్దున్నే తెరవగానే కుప్పలుగా రిమైండర్లు కనిపిస్తాయి, ఎవరూ చదవరు, మళ్లీ డైరీలే బయటికొస్తాయి.