స్పార్క్ ప్లగ్ విప్పితే హెడ్ త్రెడ్ కూడా ఊడొచ్చింది: హెడ్ దించాలా, దించకుండా హెలికాయిల్ వేయొచ్చా?

కరీంనగర్_రైడర్:
అన్నలూ, బండి 100 సీసీ స్ప్లెండర్. ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ మార్చే మామూలు సర్వీసే. ఇంజన్ చల్లగానే ఉంది. ప్లగ్ మొదటి చుట్టు నుంచీ బిగుతుగానే వచ్చింది. బయటికి తీసి చూస్తే గాడుల నిండా అల్యూమినియం స్ప్రింగులా చుట్టుకుని ఉంది. కొత్త ప్లగ్ చేత్తో రెండు చుట్లు ఎక్కి, ఆ తర్వాత ఊరికే తిరుగుతోంది. హెడ్ (సిలిండర్ పై మూత) దించకుండా దారి ఉందా? లేత్ షాపులో బుష్ (లోపల త్రెడ్ ఉన్న గట్టి లోహపు గొట్టం) వేయిస్తే చాలు అంటున్నారు.

పానా_బాక్స్:
ఆ ప్లగ్‌తో కిక్ మాత్రం కొట్టకు తమ్ముడూ. పట్టు లేని ప్లగ్‌ని కంప్రెషన్ బయటికి తన్నేస్తుంది. టెఫ్లాన్ టేపు, ఎం-సీల్ జోలికి పోవద్దు. ప్లగ్ వేడి హెడ్‌లోకి దిగేదీ, ఎర్త్ అందేదీ ఆ త్రెడ్, వాషర్ మీదుగానే. ఇంకా పొడవు ప్లగ్ వేసి అడుగు త్రెడ్ పట్టిద్దామనుకుంటే పిస్టన్‌కి తగలొచ్చు.

హెడ్ దించకుండా హెలికాయిల్ వేయొచ్చు. అంటే పోయిన త్రెడ్ చోట కొత్త గాడులు కోసి, అందులో స్ప్రింగులాంటి తీగ కాయిల్ ఎక్కించడం; ప్లగ్ ఆ కాయిల్‌లో బిగుస్తుంది. నీ బండి ప్లగ్ త్రెడ్ 10 మి.మీ., పిచ్ (గాడికీ గాడికీ మధ్య దూరం) 1.0 మి.మీ. హార్డ్‌వేర్ షాపులో 10 మి.మీ. కిట్ అంటే బోల్టులకు వాడే 1.5 పిచ్‌ది చేతిలో పెడతారు, చూసి తీసుకో. కాయిల్ పొడవు ఈ బండికి సరైన ప్లగ్ త్రెడ్ పొడవుతో సరిపోవాలి.

పిస్టన్ కిందికి దించిపెట్టు, ట్యాప్ (గాడులు కోసే పనిముట్టు) దానికి తగలకూడదు. ట్యాప్ గాడుల నిండా చిక్కటి గ్రీజు పెట్టు. అర చుట్టు లోపలికి, పావు చుట్టు వెనక్కి. రెండు మూడు చుట్లకోసారి పూర్తిగా బయటికి తీసి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టు. ట్యాప్ మొదట్లో ఒక్క డిగ్రీ వంకర పోయినా ప్లగ్ వాషర్ ఒక పక్కే ఆనుతుంది, గ్యాస్ లీకవుతుంది.

హెడ్_వర్క్_విజయవాడ:
పై పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది: ట్యాప్ కోసే అల్యూమినియం పొట్టు. గ్రీజు ఎంత పెట్టినా కొంత లోపల పడుతుంది. అది రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య చేరితే బోరు మీద నిలువు గీత పడుతుంది. వాల్వ్ సీటు మీద ఇరుక్కుంటే కంప్రెషన్ పోతుంది. కాయిల్ అడుగున ఉండే చిన్న అడ్డ తోక ఇంకో గండం. బిగించాక దాన్ని విరచాలి, విరిస్తే సిలిండర్‌లోకే రాలుతుంది. సన్నమూతి కట్టింగ్ ప్లయర్‌తో పట్టుకుని విరిచి తీయాలి, లేదా తోక లేని కాయిల్ కొనాలి.

ఈ ఇంజన్‌కి హెడ్ దించడం కష్టమేమీ కాదు. మ్యాగ్నెట్ మీద టీ గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చూపేది) కలిపి, క్యామ్ స్ప్రాకెట్ విప్పి, టైమింగ్ చైన్ లోపలికి జారకుండా తీగతో కట్టేయాలి. బిగించేటప్పుడు కొత్త హెడ్ ప్యాకింగ్ తప్పనిసరి. హెడ్ నట్లు ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. చివర్లో టాపెట్ గ్యాప్ చూడాలి.

బుష్ విషయం: గట్టి బుష్‌కి రంధ్రం బాగా పెద్దది చేయాలి. చిన్న హెడ్‌లో ప్లగ్ రంధ్రానికీ ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకీ మధ్య గోడ పల్చగా ఉంటుంది. అది తరిగితే వేడికి చీలిక వస్తుంది. హెలికాయిల్ ఎక్కువ మెటల్ తినదు కాబట్టి నా ఓటు దానికే. కాయిల్ కూడా పనికిరాకపోతే అప్పుడు బుష్.

కరీంనగర్_రైడర్:
హెడ్ దించే చేస్తాను. అసలు త్రెడ్ ఎందుకు పోయినట్టు? కొత్త ప్లగ్ ఎంత బిగించాలి?

పానా_బాక్స్:
పొట్టు మాట నిజమే, దించడమే మేలు. పాత ప్లగ్ చివరి రెండు మూడు గాడులు చూడు. అక్కడ మాత్రమే నల్లటి గట్టి కార్బన్ ఉంటే, ఇంతకుముందు ఎవరో పొడవు ప్లగ్ వేశారన్నమాట. దహన గదిలోకి పొడుచుకొచ్చిన ఆ గాడుల్లో కార్బన్ గట్టిపడుతుంది, విప్పేటప్పుడు హెడ్ త్రెడ్‌ని గీరేస్తుంది. కార్బన్ లేకపోతే అతిగా బిగించారని అనుకోవచ్చు, వాషర్ పూర్తిగా చదునైందేమో చూడు.

10 మి.మీ. ప్లగ్‌కి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా లేకపోతే వాషర్ ఆనేదాకా చేత్తో తిప్పి, కొత్త ప్లగ్ అయితే పానాతో అర చుట్టు. వాడిన ప్లగ్‌ని మళ్లీ వేస్తే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు సరిపోతుంది. గాడులకి గ్రీజు రాయొద్దు. జారుడుకి అదే పానా బలంతో ఎక్కువ బిగుసుకుంటుంది, మళ్లీ త్రెడ్ మీదే పడుతుంది.

హెడ్_వర్క్_విజయవాడ:
కాయిల్ పై అంచు వాషర్ ఆనే ముఖానికి అర గాడి నుంచి ఒక గాడి కిందికి దిగి ఉండాలి. పైకి పొడుచుకొస్తే వాషర్ కూర్చోదు. హెడ్ బల్ల మీద ఉండగానే ప్లగ్ ఒకసారి వేసి, దహన గది వైపు నుంచి చూడు. ప్లగ్ త్రెడ్ గానీ కాయిల్ గానీ లోపలికి కనబడకూడదు.