అమ్మకు ఇంగ్లీషు రాని ఇంట్లో పిల్లల ఇంగ్లీషు: సరిహద్దు తెలుగువాళ్ల చర్చ

గుణుపురం_తెలుగు
ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆపైన ఇంగ్లీషు. అమ్మానాన్నలు అయిదో తరగతి దాటని ఇళ్లలో ఇంగ్లీషు వెనకబడడానికి అసలు కారణమేంటి? ఇంగ్లీషు రాని తల్లి ఏం చేయగలదు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

రాయగడ_ఒకటో_తరగతి
తల్లికి ఇంగ్లీషు రాకపోవడం కన్నా, పిల్ల చదువుతోందో అప్పగిస్తోందో పోల్చుకోలేకపోవడం ఎక్కువ దెబ్బ తీస్తుంది. 'సీ ఏ టీ క్యాట్' అని గడగడా చెప్పే పిల్ల ముందు 'మ్యాట్' పెడితే ఆగిపోతుంది. అక్షరాల పేర్లు వచ్చాయి, శబ్దాలు రాలేదు. చదువుకున్న తల్లి ఇది వారంలో పసిగడుతుంది. తక్కిన ఇళ్లలో మూడో తరగతి దాకా బయటపడదు. అప్పటికి పాఠం పెద్దదవుతుంది.

దీన్ని అక్షరం రాని తల్లి కూడా పరీక్షించొచ్చు. పాత క్యాలెండర్ అట్టను ఆరు ముక్కలు చేసి ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ రాయించండి. పేర్లు వద్దు, శబ్దాలే పలికించండి: స్, యా, ట్, ప్, ఇ, న్. పిన్, టిప్, ప్యాన్, న్యాప్ చదవడం వచ్చాక తల్లి ముక్కలు కలిపేసి, మధ్యలో ఏ గానీ ఐ గానీ ఉండేలా మూడు పేర్చాలి. టిస్, న్యాస్ లాంటి అర్థం లేని మాటలొచ్చినా మంచిదే, అవి బట్టీ పట్టి ఉండరు. ఒక్కో శబ్దం పలికి, కలిపి చదివితే వచ్చినట్టు. మొదటి అక్షరం చూసి ఊహిస్తుంటే రానట్టు.

సిరొంచ_ట్యూషన్
మహారాష్ట్రలో మా గడ్చిరోలి దిక్కు ఇంకో ఇబ్బంది ఉంది. మరాఠీ మీడియంలో 2000 సంవత్సరం నుంచే ఒకటో తరగతిలో ఇంగ్లీషు ఉంది కాబట్టి చదవడం వస్తది, అర్థం కాదు. పిల్లలు చదవడం ఎట్ల నేర్చుకుంటరో పరిశోధించిన గఫ్, టన్మర్ 1986లో చెప్పిన లెక్క ఇక్కడ సరిగ్గా సరిపోతది: అక్షరం విప్పే శక్తిని, మాట అర్థమయ్యే శక్తిని గుణించాలె. ఒకటి సున్నా అయితే ఫలితం సున్నా.

రెండో భాగం తల్లి చేతిలో ఉంది. రోజూ పావుగంట చదివించి, ఏం జరిగిందో తెలుగులో చెప్పమనాలె. తర్వాత 'ఎందుకట్ల చేసింది?' అని అడగాలె. చెప్పలేకపోతే పుస్తకం బరువైందన్నట్టు. పేజీకి అయిదు కన్నా ఎక్కువ తెలియని మాటలుంటే కింది స్థాయికి దిగండి.

బరంపురం_భాషలు
సిరొంచ గారి మాటకు ఒకటి కలుపుతాను. ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మానేయమని చెప్పే బడులున్నాయి. ఆ సలహా దయచేసి వినకండి. ఒడియా పలుకుబడిలో ఇ, ఈల తేడా నిలవదు, మరాఠీలోనూ బలహీనమే. తెలుగులో అది గట్టిగా ఉంది. అమ్మతో తెలుగు మాట్లాడే పిల్లకు షిప్, షీప్ వేరని చెవికి ముందే తెలుసు.

తెలుగు తెచ్చే చిక్కూ ఒకటుంది. బుక్కు, బస్సు అని చివర అచ్చు చేరుస్తాం. ఒడియా మాటలూ ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి మన వైపు ఈ తప్పు గట్టిపడుతుంది. మరాఠీ చదివే పిల్లల్లో తక్కువ. చివరి హల్లు దగ్గర నోరు ఆపించి, బ్యాక్, బ్యాగ్ జంటగా పలికించండి.

బల్లార్షా_నాన్నలకు
డిగ్రీ చదివిన నాన్నలూ చెడగొడతారు. పిల్ల 'హీ గో టు స్కూల్' అనగానే ఆపి టెన్సుల పట్టిక మొదలుపెడతారు. రెండుసార్లు అలా ఆపితే పిల్ల నోరు విప్పదు. 'అవునా, హీ గోస్ టు స్కూల్, ఆ తర్వాత?' అని సరైన వాక్యం వినిపించి మాట సాగనివ్వాలి.

గుణుపురం_తెలుగు
పుస్తకాలెక్కడ? ఊళ్లో గైడ్లు తప్ప దొరకవు.

రాయగడ_ఒకటో_తరగతి
పిల్లల కథలు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితం. తెలుగు, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు నాలుగూ ఉన్నాయి. చాలా కథలు ఒకటి కన్నా ఎక్కువ భాషల్లో దొరుకుతాయి. ఒకటో స్థాయి కథను ముందు తెలుగులో తల్లి చదవాలి, ఆమెకు చదువు రాకపోతే ఎవరైనా చదివి వినిపించాలి. మర్నాడు అదే కథ పిల్ల ఇంగ్లీషులో చదవాలి. కథ ముందే తెలుసు కాబట్టి పిల్ల ఎక్కడ తప్పిందో తల్లి బొమ్మ చూసి పట్టుకుంటుంది. ఫోను డేటా తక్కువైతే పీడీఎఫ్ దించి జిరాక్సు తీయించండి, నలుపు తెలుపు చాలు.