అమెరికా "సురక్షిత దేశమే" అని కెనడాలో ఎవరు తేలుస్తారు?

కెనడా-అమెరికా సురక్షిత మూడో దేశం ఒప్పందం (ఈ రెండింటిలో ముందు అడుగుపెట్టిన దేశంలోనే ఆశ్రయం అడగాలన్నది) 2004 నుంచి అమల్లో ఉంది. మొదట్లో భూసరిహద్దులో అధికారిక చెక్‌పోస్టులకే వర్తించేది. అందుకే జనం సూట్‌కేసులు ఈడ్చుకుంటూ క్యుబెక్‌లో చెక్‌పోస్టు లేని రాక్స్‌హామ్ రోడ్డు మీదుగా వచ్చి ఆశ్రయం కోరేవారు. 2023 మార్చి 25న ఆ ఒప్పందాన్ని భూసరిహద్దు అంతటికీ విస్తరించారు. చెక్‌పోస్టు తప్పించుకుని దాటి 14 రోజుల్లోపు ఆశ్రయం అడిగితే, మినహాయింపు లేనివాళ్లను వెనక్కి పంపేస్తారు. (రెండు వారాలు ఎక్కడైనా దాక్కోండి అన్నట్టుంది నాకైతే!)

అమెరికాలో పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షించాలని కెనడా వలస చట్టంలోనే ఉంది. కాకపోతే ఆ పని ప్రభుత్వానిదే. మరి కామన్స్ సభ (కెనడా పార్లమెంటు దిగువ సభ) వలస వ్యవహారాల కమిటీ ఆ సమీక్ష కాగితాలు తెప్పించుకోగలదా? కేబినెట్ రహస్యం అనేస్తే ఇక అంతేనా? కమిటీ రికార్డులు చదివే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి.